పదకొండు టైమ్‌టేబుళ్లు: ఒక గ్రూప్-2 అభ్యర్థి కేసు

2024 ఆగస్టు 8న ఈ అబ్బాయి పరీక్ష హాల్లో ఉండాల్సింది. తెలంగాణ గ్రూప్-2 ఆగస్టు 7, 8 తేదీల్లో జరగాలి. జులైలో వాయిదా పడి డిసెంబరుకు వెళ్లింది. దాంతో ఆ గురువారం పొద్దున అతను నా గదిలో, నా ఎదుట కూర్చుని ఉన్నాడు. రాగానే అన్న మాట ఇది: "మేడం, నాకు మోటివేషన్ అయిపోయింది. ఎట్లనన్న మళ్లీ ఎక్కియ్యాలె."

నేను హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. నా గది చిక్కడపల్లికి దగ్గర కావడంతో అశోక్‌నగర్ గదుల్లో ఉండి ప్రిపేర్ అయ్యే పిల్లలు ఎక్కువగా వస్తుంటారు. వాళ్లలో చాలామంది నోట ఇదే మాట, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినట్టు. ఈ కేసు అతని అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాను.

వయసు 27. బీఎస్సీ చదివాడు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పల్లె, నాన్నది మూడెకరాల పత్తి చేను. ఇంటి నుంచి నెలకు ఏడు వేలు వస్తాయి. గదిలో నలుగురు, మెస్సులో రెండు పూటలు, స్టడీ హాల్‌లో ఒక కుర్చీ. 2022 డిసెంబరు చివర్లో 783 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చిన వారానికే హైదరాబాద్ చేరాడు. అప్పటి నుంచి పరీక్ష తేదీ 2023 ఆగస్టు అన్నారు, తర్వాత నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆ తర్వాత ఆగస్టు, చివరికి డిసెంబరు. ఒకే సిలబస్‌ని నాలుగుసార్లు చివరిదాకా తెచ్చి, నాలుగుసార్లు కింద పెట్టాడు.

మామూలుగా ఈ కథ ఇక్కడితో ఆపి, తప్పంతా వాయిదాలదే అనేస్తాం. కానీ అతను నిజాయితీగా ఇంకో మాట చెప్పాడు. జులైలో వాయిదా కావాలని అడిగినవాళ్లలో తనూ ఉన్నాడు. అప్పుడే డీఎస్సీ పరీక్షలు కూడా నడుస్తున్నాయి, తన రివిజన్ సగం కూడా కాలేదు. వాయిదా వార్త వచ్చిన రాత్రి గదిలో అందరూ బిర్యానీ తెచ్చుకున్నారు. మర్నాటి నుంచి పుస్తకం తెరవలేకపోయాడు. అలా 20 రోజులు. "కావాలని అడిగిన టైమే దొరికింది మేడం. మరి ఎందుకు చదవలేకపోతున్న?" ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు పూడుకుపోయింది.

ముందు ఇది డిప్రెషనా కాదా తేల్చుకోవాలి. "మోటివేషన్ లేదు" అని వచ్చేవాళ్లలో కొందరికి నిజంగా ఉన్నది డిప్రెషన్. వాళ్లకి టైమ్‌టేబుల్ సలహాలు ఇవ్వడమంటే జ్వరమొచ్చినవాణ్ని పరిగెత్తమనడమే. డిప్రెషన్ తీవ్రత కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9లో 12 వచ్చింది, అంటే మధ్యస్థం. చచ్చిపోవాలన్న ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్న కాగితం మీద వదిలేయకుండా నోటితో, సూటిగా అడిగాను. లేవన్నాడు. ఇంకోలా మరోసారి అడిగినా అదే జవాబు. అయినా రాత్రి పూట మనసు బాగాలేకపోతే చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఫోన్‌లో సేవ్ చేయించాను. డాక్టరు దగ్గరికి పంపితే థైరాయిడ్, హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నాయి. నిద్రే అస్తవ్యస్తంగా ఉంది. పడుకునేది రెండింటికి, లేచేది తొమ్మిదికి.

పొడవాటి నోట్‌బుక్

రెండోసారి వచ్చినప్పుడు, ఇంతకుముందు వేసుకున్న ప్లాన్లు ఏమైనా ఉంటే తెమ్మన్నాను. ఒక పొడవాటి నోట్‌బుక్ తెచ్చాడు. అందులో పదకొండు టైమ్‌టేబుళ్లు ఉన్నాయి. స్కేలు పెట్టి గీసిన గడులు, సబ్జెక్టులు నీలం ఇంకుతో, రివిజన్ ఎర్ర ఇంకుతో. పొద్దున 4.30కి లేవడం, రాత్రి 11కి పడుకోవడం, మధ్యలో 14 గంటల చదువు. ప్రతి పేజీ పైన తేదీ, దాని పక్కన "ఈసారి పక్కా" అని రాసుకున్నాడు.

ఆ తేదీలు చూడండి. 2023 జనవరి 1. ఆ ఏడాది ఉగాది, మార్చి 22. అతని పుట్టినరోజు. రెండు మూడు ఒకటో తారీకులు. 2024 జనవరి 1. మళ్లీ ఉగాది, ఏప్రిల్ 9. చివరిది జూన్ 10, అంటే గ్రూప్-1 ప్రిలిమ్స్ అయిన మర్నాడు. కొత్త వారం, కొత్త నెల, పండగ, పుట్టినరోజు లాంటి మలుపుల దగ్గర మనుషులకు కొత్తగా మొదలుపెట్టే ఊపు వస్తుందని పరిశోధకులు హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించారు. పాత తప్పులన్నీ పాత లెక్కలోకి వెళ్లిపోయినట్టు అనిపిస్తుంది. ఈ అబ్బాయికి ఆ ఊపు ప్రతిసారీ వచ్చింది. మొదలుపెట్టడంలో అతనికి ఏ లోటూ లేదు.

టిక్కులు లెక్కపెట్టాం. ఎక్కువ రోజులు నడిచిన టైమ్‌టేబుల్ తొమ్మిది రోజులు, తక్కువ నడిచింది రెండు. 2023 మొదట్లో ఒకటి ఆగిపోతే నెల తిరక్కుండా ఇంకోటి గీశాడు. 2024 వచ్చేసరికి రెండేసి మూడేసి నెలలు పట్టింది. మధ్యలో అసలు చదవలేదని కాదు. తేదీ దగ్గరపడ్డప్పుడల్లా రాత్రిళ్లు మేలుకుని చదివాడు. అతన్ని కదిలించే శక్తి పరీక్ష తేదీ ఒక్కదానికే మిగిలింది. అది వాయిదా పడగానే అతనూ ఆగిపోయేవాడు.

ప్రతి పేజీలో చివరి టిక్కు మీద వేలు పెట్టి, ఆ మర్నాడు ఏం జరిగిందో గుర్తు చేసుకోమన్నాను. ఈ ఒక్క పనికే ఒక సెషన్ మొత్తం పట్టింది. ఈ కేసులో అసలు సంగతి బయటపడింది ఇక్కడే. ఎనిమిది పేజీల వరకు గుర్తొచ్చింది. ఒకసారి బాబాయి కూతురి పెళ్లి. ఒకసారి పత్తి తీయడానికి కూలీలు దొరక్క నాన్న రమ్మన్నాడు. ఒకసారి జ్వరం. రెండుసార్లు వాయిదా వార్త. మూడుసార్లు, మాక్ టెస్టులో 150కి 70 దాటకపోవడం.

ఇందులో బద్ధకం ఎక్కడుంది? పెళ్లికి వెళ్లకుండా ఉండగలడా? పెళ్లి నుంచి తిరిగొచ్చిన రాత్రి గురించి అడిగాను. రెండు రోజులు పోయాయి. గోడ మీది టైమ్‌టేబుల్ చూస్తే 28 గంటల చదువు బాకీ పడింది. మర్నాడు 14 గంటలు చదివి, పైగా ఈ 28 ఎప్పుడు తీర్చాలి? "అది చూస్తే ఛాతిల బరువైంది మేడం. ఇగ ఒకటో తారీకు నుంచి చేద్దామనుకున్న." అప్పటికి ఒకటో తారీకుకి ఇంకా 17 రోజులుంది.

నిండా మునిగినవాడికి చలేంటి అంటాం కదా, అదే ఇది. డైటింగ్ చేసేవాళ్ల మీద పీటర్ హెర్మన్, జానెట్ పొలివీ చేసిన పరిశోధనల్లో ఇలాంటిదే కనబడింది. నియమం ఒక్కసారి తప్పామనుకున్న మనిషి ఆ రోజుకి నియమాన్నే వదిలేసి ఇంకా ఎక్కువ తింటాడు. ఈ అబ్బాయి టైమ్‌టేబుల్‌లో తప్పిన రోజుకి చోటే లేదు. పెళ్లిళ్లు, జ్వరాలు, పత్తి ఏరడం ఉన్న బతుకులో అలాంటి టైమ్‌టేబుల్ తొమ్మిది రోజులు నడవడమే గొప్ప.

రెండో సంగతి కూడా ఆ నోట్‌బుక్‌లోనే ఉంది. 14 గంటలు చదివిన రోజు సాయంత్రం అతని చేతిలో ఏముంది? గడిలో ఒక టిక్కు. చదివింది తలకెక్కిందో లేదో తెలియదు. పరీక్ష ఉంటుందో లేదో తెలియదు. పొలం పనైతే సాయంత్రానికి దున్నిన సాళ్లు కనబడతాయి. ఇక్కడ పని చేస్తున్నది అతనొక్కడే, ఎటు నుంచీ బదులు రాదు. బదులు పలకని మనిషితో మనం ఎన్నాళ్లు మాట్లాడగలం? మోటివేషన్ అయిపోయిందని అతను అన్నదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను: 20 నెలలు పిలిచినా ఎవరూ పలకలేదు, అందుకే పిలవడం ఆపేశాడు.

ఆ వారమే వాళ్ల నాన్న ఫోన్ చేశారు. "మేడం, వానికి జర బుద్ధి చెప్పుండ్రి. మొదలువెడ్తడు, ఇడిసిపెడ్తడు. చిన్నప్పటి సంది అంతే." ఆరంభశూరత్వం అనే మాట మన ఇళ్లలో చాలా తేలిగ్గా వాడేస్తాం. ఆ మాట పడ్డవాడికి అదే తన స్వభావమని నమ్మకం కుదురుతుంది. స్వభావమే అలాంటిదైతే ప్రయత్నించడం దేనికి? నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఈ ఒక్క మాట చేసినంత నష్టం ఫోన్లు కూడా చేయలేదని నా అభిప్రాయం.

మూడో సెషన్‌లో నా పొరపాటు

ఇది దాచను. మూడో సెషన్‌లో అతను మరీ దిగులుగా ఉన్నాడని, ఉద్యోగం వచ్చిన రోజుని వివరంగా ఊహించుకుని ఒక ఉత్తరంలా రాయమన్నాను. ఎంత బాగా రాశాడో! బస్సు దిగి ఊళ్లోకి నడవడం, అమ్మ చేతికి మొదటి జీతం ఇవ్వడం. చదివి వినిపిస్తున్నప్పుడు అతని ముఖం వెలిగిపోయింది. నాకూ తృప్తిగా అనిపించింది. ఆ వారం అతను ఒక్క పేజీ చదవలేదు.

గాబ్రియేల్ ఓట్టింగెన్ పరిశోధనలు నాకు తెలియనివి కావు. చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునేవాళ్లలో, అది దొరికిపోయినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్లు రెండేళ్ల తర్వాత చూస్తే తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్లకి ఆఫర్లూ తక్కువే వచ్చాయి. వస్తుందన్న నమ్మకం వేరు, వచ్చేసిందన్న ఊహ వేరు. ఊహలోనే గమ్యం చేరిన మనసు కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. తెలిసి కూడా ఆ రోజు అతని దిగులు చూడలేక ఆ పని చేయించాను. తర్వాతి సెషన్‌లో అతనికి ఆ మాటే చెప్పాను, ఆ వారం చదవకపోవడంలో నా తప్పు ఉందని. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి నాతో ఇంకొంచెం తెరిచి మాట్లాడాడు.

పది బిట్లు

కొత్త టైమ్‌టేబుల్ గీయొద్దని ఒప్పందం చేసుకున్నాం. దాని బదులు ఒకే ఒక్క పని. స్టడీ హాల్‌లో కూర్చోగానే, ఏ పుస్తకమూ తెరవకముందే, ఒక తెల్ల కాగితం మీద నిన్న చదివిన టాపిక్ నుంచి పది బిట్లు తనే తయారుచేసి, వాటికి జవాబులు రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. మొత్తం 20 నిమిషాలు. పదికి ఎన్ని వచ్చాయో కాగితం మూలన రాసి, క్లిప్పుకి తగిలించాలి. ఆ తర్వాత చదివినా సరే, లేచి వెళ్లిపోయినా సరే.

"ఇంతేనా మేడం?" అన్నాడు. అవమానంగా అనిపించిందని నాకు అర్థమైంది. 14 గంటల మనిషికి 20 నిమిషాలు ఇస్తే అలాగే ఉంటుంది.

మొదటి రోజు 4. రాష్ట్రపతి అధికారాల మీద. పదిసార్లు చదివిన చాప్టర్ అది. మర్నాడు అదే టాపిక్ మళ్లీ చేస్తే 7. నాలుగో రోజు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. కాగితం మూలన 9, దాని చుట్టూ ఎర్ర సున్నా. కింద, "నిన్న చదివింది ఇయ్యాల ఉన్నది మేడం" అని రాశాడు. నాకు కావాల్సింది ఆ మాటే. చదువు అతనికి బదులు చెప్పడం మొదలుపెట్టింది. చదివినదాన్ని మళ్లీ మళ్లీ చదివేవాళ్ల కంటే, గుర్తుతెచ్చుకుని రాసేవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు. జ్ఞాపకానికి అది మంచిదే. మనసుకి అంతకంటే ఎక్కువ మేలు చేస్తుందని నేను చూస్తున్నాను.

ఎప్పుడు చేయాలన్నది గడియారానికి కట్టలేదు. అతని పొద్దు ఎక్కడ జారిపోతుందో ముందు చూశాం. మెస్సులో టిఫిన్ తిని, బ్యాగు తెచ్చుకోవడానికని గదికి వెళతాడు. గదిలో ఎవరో ఒకరు పడుకుని ఫోన్ చూస్తుంటారు. రెండు నిమిషాలని మంచం మీద వాలతాడు, పదకొండవుతుంది. అందుకని బ్యాగు భుజాన వేసుకునే టిఫిన్‌కి వెళ్లమన్నాను. మెస్సులో చెయ్యి కడుక్కోగానే అడుగు స్టడీ హాల్ వైపే. "ఫలానా పని కాగానే ఫలానాది చేస్తాను" అని ముందే ముడివేసుకుంటే నిర్ణయం తీసుకోవాల్సిన క్షణమే రాదని సైకాలజిస్టు పీటర్ గోల్‌విట్జర్ చెప్పిన పద్ధతి ఇది. తడి చేత్తో గదికి వెళ్లాలా వద్దా అని ఆలోచించే పని లేకుండా పోయింది.

తప్పిన రోజు కోసం ముందే ఒక నియమం పెట్టాం. బాకీ ఉండదు. పోయిన రోజు పోయింది, కాగితం మీద ఒక చుక్క పెట్టాలి, అంతే. తిరిగొచ్చిన రోజు పది బదులు ఐదు బిట్లే. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన ఫలితాలు అతనికి కాగితం మీద వేసి చూపించాను. ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే ఆ అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టం ఏమీ జరగలేదు. ఈ చివరి వాక్యం అతను రెండుసార్లు చదివించుకున్నాడు.

టెలిగ్రామ్ గ్రూపుల్లో రెండు ఉంచుకుని మిగతా వాటిలోంచి బయటికొచ్చాడు. "మళ్లీ వాయిదా పక్కా" అని రోజూ ఎవరో ఒకరు రాస్తుంటే బుర్ర స్థిమితంగా ఎలా ఉంటుంది? సెప్టెంబరు నుంచి సాయంత్రాలు గంటన్నర పాటు పదో తరగతి పిల్లలకు సోషల్ ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆలోచన అతనిదే. టైమ్ పోతుందేమోనని నేను సందేహించాను. నెలకు నాలుగు వేలు రావడంతో, ఇంటి నుంచి డబ్బు తీసుకుంటున్నానన్న బరువు కొంత దిగింది.

ఇంట్లో వాళ్లతో కూడా మాట్లాడాను. వాళ్లమ్మ రోజూ అడిగే ప్రశ్నలు రెండే: "తిన్నవా బిడ్డా? పరీచ్చ ఎప్పుడు?" రెండో ప్రశ్నకి అతని దగ్గర జవాబు లేదు, ఆ జవాబు ఎవరి దగ్గరా లేదు. దాని బదులు "ఇయ్యాల ఏం చదివినవు, నాకు చెప్పు" అని అడగమన్నాను. "నాకేం తెలుస్తది మేడం, నేను సదువుకోలే" అన్నారావిడ. అయినా అడిగారు. ఒకరోజు అతను కాకతీయుల చెరువుల గురించి చదివి, పాకాల చెరువు పేరు చెబితే, "మా అవ్వగారి పొలానికి ఆ నీళ్లే పారుతుండె" అని అరగంట ఆవిడే చెప్పారట. తూము ఎప్పుడు ఎత్తేవారు, నీళ్ల వంతు కోసం ఎవరు రాత్రి కాపలా ఉండేవారు, అన్నీ. మర్నాడు ఆ టాపిక్ మీద పదికి పది వచ్చాయి.

అక్టోబరు, డిసెంబరు

అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ ముందు అశోక్‌నగర్‌లో ఆందోళనలు జరిగాయి. గది, మెస్సు, లైబ్రరీ ఎక్కడ చూసినా అదే మాట. అతను తొమ్మిది రోజులు చదవలేదు. నాకు ఫోన్ కూడా చేయలేదు. పన్నెండో టైమ్‌టేబుల్ గీస్తాడేమోనని నాకు టెన్షన్‌గానే ఉంది. పదో రోజు పొద్దున ఫోటో వచ్చింది. తొమ్మిది చుక్కలు, వాటి తర్వాత ఐదు బిట్లు, మూలన 3. అది ఒకటో తారీకు కాదు, పండగా కాదు. మామూలు రోజు.

మొత్తం ఈ ఏడు నెలల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఫోటో అదే. పదికి తొమ్మిది వచ్చిన కాగితం కంటే కూడా. అతను పడిపోవడం కొత్త కాదు. ముహూర్తం చూసుకోకుండా లేచిరావడం మాత్రం కొత్త.

డిసెంబరు 15, 16 తేదీల్లో నాలుగు పేపర్లూ రాశాడు. దాదాపు ఐదున్నర లక్షల మంది దరఖాస్తు చేసిన ఆ పరీక్షకి చివరికి హాజరైంది సగం కంటే తక్కువ మంది. రాకపోయినవాళ్లంతా బద్ధకస్తులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అతనికి ఉద్యోగం రాలేదు. ఆగస్టు నుంచి నాలుగు నెలలు చదివింది 20 నెలల నష్టాన్ని పూడ్చలేకపోయింది. బిట్ల పద్ధతి పనిచేసిందని రుజువు చేయడానికి ఈ ఒక్క కేసు చాలదన్నదీ నిజం. తేదీ దగ్గరపడటం, ట్యూషన్ డబ్బు, అమ్మ మాటలు, వీటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. పీహెచ్‌క్యూ-9 స్కోరు 12 నుంచి 5కి దిగింది. రాత్రి పన్నెండింటికల్లా పడుకుంటున్నాడు.

2025 ఫిబ్రవరిలో, మా పదమూడో సెషన్‌లో, ఇంకెంతకాలం ప్రయత్నించాలన్న దాని మీద మాట్లాడుకున్నాం. ఈ మాట ఎత్తడానికి కౌన్సెలర్లు కూడా జంకుతారు, వదిలేయమన్నట్టు ఉంటుందేమోనని. నిజానికి గడువు లేకపోవడమే ఈ పిల్లలను ఎక్కువ తినేస్తోంది. ఇంకో రెండు నోటిఫికేషన్లు, లేదా 30 ఏళ్లు నిండటం, ఏది ముందైతే అది అని అతనే గీత గీసుకున్నాడు. ఈలోగా ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్‌గా చేరుతున్నానని చెప్పాడు. పొద్దున స్కూలుకి ముందు గంటన్నర తన చదువు.

వెళ్లేముందు సంచిలోంచి ఆ పొడవాటి నోట్‌బుక్ తీశాడు. పదకొండో టైమ్‌టేబుల్ తర్వాత సగం పుస్తకం ఖాళీగా ఉండేది కదా, ఆ పేజీల్లో ఇప్పుడు ట్యూషన్ పిల్లల పేర్లు, పక్కన రోజువారీ పది బిట్ల మార్కులు ఉన్నాయి. ఒక పిల్ల పేరు ఎదురుగా వరసగా ఆరు చుక్కలు, తర్వాత ఒక 2. "చికెన్‌గున్యా వచ్చి పండింది మేడం, నిన్ననే వచ్చింది. ఐదే ఇచ్చిన" అన్నాడు.